బడి భోజనం: వండి ఎంతసేపయింది? ఒంటికి పట్టేది ఎంత?

మధ్యాహ్నం గంట కొట్టగానే బడి పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "ఇవాళ కూర ఏమిటి?" అన్నదే. బడి చూడడానికి వచ్చిన అధికారులు, తల్లిదండ్రులు కూడా ముందుగా చూసేది గోడ మీద రాసిన వారం మెనూనే. ఏ రోజు పప్పు, ఏ రోజు గుడ్డు, ఏ రోజు చిక్కీ అన్నది అందులో ఉంటుంది. మెనూ ముఖ్యమే. కానీ ఆహార శాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. ఈ అన్నం పొయ్యి దిగి ఎంతసేపయింది? పళ్లెంలో వడ్డించిన దాంట్లో పిల్లల ఒంటికి పట్టేది ఎంత? మొదటి ప్రశ్న భద్రతకు సంబంధించినది, రెండోది పోషణకు సంబంధించినది. ఈ రెండింటికీ మెనూలో జవాబు దొరకదు. వంటగదిలోని గడియారం, నీళ్లు, చేతులు, అన్నం వండే పద్ధతి, భోజనంతో పాటు ఇచ్చే ఒక పండు ఆ జవాబును నిర్ణయిస్తాయి.

లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

మన దేశంలో బడి భోజనానికి వందేళ్ల చరిత్ర ఉంది. 1920లలోనే మద్రాసు కార్పొరేషన్ తన బడుల్లో పిల్లలకు భోజనం పెట్టింది. 1982లో తమిళనాడు పౌష్టికాహార పథకాన్ని పెద్ద ఎత్తున అమలు చేసింది. 1995 ఆగస్టు 15న జాతీయ పథకం మొదలైనా, చాలా రాష్ట్రాల్లో అది పిల్లల చేతికి బియ్యం ఇవ్వడంతోనే సరిపెట్టుకుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో బడిలోనే వండి పెట్టడం తప్పనిసరి అయింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దాన్ని పిల్లల హక్కుగా మార్చింది. 2021లో ఈ పథకానికి పీఎం పోషణ్ అని పేరు పెట్టినప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 11.20 లక్షల బడుల్లో 11.80 కోట్ల మంది పిల్లలు దీని పరిధిలోకి వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ భోజనం ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న ఇల్లాలు ఆమె.

నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కిలో క్యాలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 700 కిలో క్యాలరీలు, 20 గ్రాములు. ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాముల బియ్యం లేదా గోధుమలు, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె కేటాయిస్తారు.

ఈ అంకెలను కూడి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. 100 గ్రాముల బియ్యం నుంచే 350 కిలో క్యాలరీలు వస్తాయి. అంటే భోజనంలోని శక్తిలో దాదాపు ముప్పావు వంతు, మాంసకృత్తుల్లో సగానికి పైగా అన్నం నుంచే అందుతున్నాయి. బియ్యంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది ఎక్కువ. పప్పన్నం కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. పప్పు పలచనైతే పోయేది రుచి మాత్రమే కాదు, అన్నంలోని మాంసకృత్తులను శరీరం పూర్తిగా వాడుకునే అవకాశం కూడా. తెలుగు రాష్ట్రాలు వారంలో కొన్ని రోజులు ఇస్తున్న గుడ్డు ఇక్కడే అక్కరకొస్తుంది. ఒక్కో గుడ్డుతో సుమారు 6 గ్రాముల మేలైన మాంసకృత్తులు, మొక్కల నుంచి వచ్చే ఆహారంలో సహజంగా దాదాపు దొరకని బి12 విటమిన్ అందుతాయి.

మరిగిస్తే అన్నీ పోతాయా?

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. ఆ అన్నం సురక్షితమో కాదో మాత్రం మెతుకు చెప్పదు.

మరిగించిన పదార్థంలో సూక్ష్మజీవులు ఉండవన్నది చాలామంది నమ్మకం. అది సగమే నిజం. సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా 70 డిగ్రీల సెల్సియస్ దాటి బాగా ఉడికితే చచ్చిపోతాయి. కానీ మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంతో పాటే వంటగదిలోకి వస్తుంది. పరిస్థితులు అనుకూలించనప్పుడు ఇది స్పోర్ అనే గట్టి పొరగల రూపంలోకి ముడుచుకుంటుంది. మరిగే నీళ్లు కూడా ఆ స్పోర్లన్నింటినీ చంపలేవు. అన్నం ఉడికి, వేడి తగ్గి గోరువెచ్చగా మారగానే అవి మేల్కొంటాయి. పప్పులో, మాంసం కూరల్లో క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ అనే మరో జాతి ఇలాగే బతికి బయటపడుతుంది. 45 డిగ్రీల దగ్గర అది పది నిమిషాల్లోపే రెట్టింపు కాగలదు.

రెట్టింపు లెక్క ఎంత వేగంగా పెరుగుతుందో చూద్దాం. ఒక బ్యాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుందనుకుంటే గంటకు 8 అవుతాయి. మూడు గంటలకు 512. నాలుగు గంటలకు 4,096. ఐదు గంటలకు 32 వేలు దాటుతాయి. మొదటి గంటలో పెద్దగా తేడా కనిపించదు. ప్రమాదమంతా చివరి గంటల్లోనే ఉంటుంది. ఉదయం ఎనిమిదికి వండి మధ్యాహ్నం పన్నెండున్నరకు పెట్టే భోజనానికీ, పదకొండున్నరకు దించి అదే పన్నెండున్నరకు పెట్టే భోజనానికీ మెనూలో తేడా ఏమీ ఉండదు. సూక్ష్మజీవుల లెక్కలో మాత్రం చాలా తేడా ఉండవచ్చు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వండిన ఆహారాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచమని, లేదంటే 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచమని చెబుతుంది. గది వేడిలో రెండు గంటలకు మించి వదిలేయకూడదని హెచ్చరిస్తుంది. 5కీ 60కీ మధ్య ఉన్నది సూక్ష్మజీవులకు అనువైన ప్రాంతం. మన ఎండాకాలపు వంటగదులు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటాయి.

మళ్లీ వేడి చేస్తే సరిపోతుంది కదా అన్నది తర్వాతి ప్రశ్న. బాసిల్లస్ సీరియస్ అన్నంలో పెరిగేటప్పుడు విడుదల చేసే వాంతి కలిగించే విషం 121 డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదు. చర్మం మీద, ముక్కులో ఉండే స్టఫైలోకాకస్ వదిలే విషం కూడా మరిగిస్తే పోయే రకం కాదు. మళ్లీ వేడి చేస్తే బ్యాక్టీరియా చావవచ్చు, అవి వదిలిన విషం అలాగే ఉంటుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు పిల్లలు గుంపుగా వాంతులు చేసుకుంటే వైద్యులు ముందుగా అనుమానించేది ఈ రెండింటినే.

పులిహోర ప్రయాణాల్లో నిలవ ఉండడం వెనక కూడా ఇదే శాస్త్రం ఉంది. చింతపండు, నిమ్మరసం ఇచ్చే ఆమ్లత్వంలో ఇలాంటి బ్యాక్టీరియాలో చాలావాటి పెరుగుదల మందగిస్తుంది. వట్టి అన్నానికి, పప్పుకు ఆ రక్షణ లేదు. ఉదయం పూట ఇచ్చే రాగి జావకూ లేదు. అందుకని పులిహోర ఎంతసేపైనా నిలవ ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. కలిపిన చేతులు శుభ్రంగా లేకపోతే పులుపు కాపాడలేదు.

గుండిగలో వేడి

నలుగురికి వండే గిన్నెకూ, నాలుగు వందల మందికి వండే గుండిగకూ తేడా పరిమాణంలోనే ఉందనిపిస్తుంది. వేడి ప్రవర్తించే తీరు మాత్రం పూర్తిగా మారిపోతుంది. అన్నం ముద్దగా, కదలకుండా ఉంటుంది కాబట్టి లోపలి వేడి ఒక్కో పొరా దాటుకుంటూ బయటికి రావాలి. ఇలా చల్లారడానికి పట్టే సమయం మందంతో పాటు సమానంగా పెరగదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అన్నం మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు, నాలుగు రెట్లైతే పదహారు రెట్లు. ఇంట్లో అన్నం అరగంటలో చల్లారినట్టు గుండిగలోది చల్లారదు.

ఇది వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది. మూత పెట్టి, చుట్టూ మందపాటి గుడ్డ కప్పి, గంటలోపు వడ్డిస్తే గుండిగే తన వేడిని కాపాడుకుంటుంది. అదే గుండిగను గంటల తరబడి వదిలేస్తే నడిమధ్య అన్నం పొగలు కక్కుతూనే ఉంటుంది, అంచుల్లో, పైపొరలో ఉన్నది గోరువెచ్చని ప్రాంతంలోకి దిగిపోతుంది. నడిమధ్య గరిటె పెట్టి "ఇంకా వేడిగానే ఉంది" అనుకుంటే అంచుల సంగతి తెలియదు. కొన్ని వందల రూపాయలకు దొరికే సూది థర్మామీటరును మధ్యలో, అంచున, పైపొరలో గుచ్చి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. నగరాల్లో పెద్ద వంటశాలల నుంచి వ్యాన్లలో భోజనం తెచ్చే బడులకు ఇది మరీ అవసరం. అక్కడ వంటకూ వడ్డనకూ మధ్య ట్రాఫిక్ కూడా ఉంటుంది.

బడుల్లో సాధారణంగా ఫ్రిజ్ ఉండదు కాబట్టి చల్లార్చి దాచే దారి వారికి లేదు. మిగిలిన దారి ఒక్కటే: ఆలస్యంగా వండాలి, వేడిగా పెట్టాలి, మిగిలింది దాచకూడదు.

గండామన్ నేర్పిన పాఠం

2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ కారణం బ్యాక్టీరియా కాదు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. నరాల సంకేతాలను ఆపే ఎంజైమ్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. సంకేతాలు ఆగకుండా సాగుతూ పోయి చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయవు. ఎంత వేయించినా, ఎంత మరిగించినా ఇలాంటి విషం ప్రమాదం తొలగిపోదు. నూనె ఎక్కడ కొన్నారు, ఏ డబ్బాలో పోశారు, పురుగుమందు పక్కన పెట్టారా అన్న ప్రశ్నలకు సరైన జవాబు ఉండడమే రక్షణ.

ఆ ఘటన తర్వాత 2015లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం పిల్లలకు వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలు భోజనం రుచి చూడాలి. వారిలో కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ఆ వివరం రిజిస్టరులో రాయాలి. రుచి చూసే పద్ధతికి ఒక హద్దు ఉంది. చెడు వాసన, చేదు, ఘాటు వెంటనే తెలుస్తాయి. బ్యాక్టీరియా విషానికి తరచుగా రుచీ వాసనా ఉండవు, దాని లక్షణాలు గంటల తర్వాతే బయటపడతాయి. రుచి చూడడం ఒక కాపలా, గడియారం చూడడం మరో కాపలా. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడానికి వీల్లేదు.

చిక్కీలో వాడే వేరుశనగకు ఇంకో జాగ్రత్త కావాలి. చెమ్మ తగిలిన పల్లీల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు పట్టిన గింజలను ఏరి పారేయడం, నిల్వ గదిని పొడిగా ఉంచడం ఇక్కడ మొదటి మెట్లు.

తిన్నదంతా ఒంటికి పట్టదు

భోజనం సురక్షితంగా పళ్లెంలోకి చేరిందనుకుందాం. ఇక రెండో ప్రశ్న. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం దేశంలో 5-9 ఏళ్ల పిల్లల్లో 24 శాతం, 10-19 ఏళ్ల వారిలో 28 శాతం మందికి రక్తహీనత ఉంది. కౌమార బాలికల్లో అది 40 శాతం. కౌమార వయసువారిలో 31 శాతం మందికి బి12 విటమిన్ లోపం కూడా కనిపించింది. రక్తహీనత అంటే ఇనుము లోపమే అనుకుంటాం కానీ, బి12, ఫోలిక్ ఆమ్లం లోపాలు, కడుపులో నులిపురుగులు కూడా కారణాలే. అందుకే బడుల్లో ఏటా నులిపురుగుల మాత్రలు ఇస్తారు.

ఇనుము విషయంలో చిక్కు మరొకటి ఉంది. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. వాటిలోనే ఫైటేట్ వంటి పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. దాంతో మన అన్నం-పప్పు భోజనంలోని ఇనుములో చాలా కొద్ది భాగమే పేగుల నుంచి రక్తంలోకి వెళుతుంది. మిగిలింది అలాగే బయటికి పోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. ప్రభుత్వ గురుకులాల్లో చదివే 13-15 ఏళ్ల పిల్లలు 16 మందిని ఎంచుకున్నారు. ఒక రోజు మామూలు అన్నం భోజనం, మరో రోజు అదే భోజనంతో పాటు 100 గ్రాముల జామపండు ఇచ్చారు. తిన్న ఇనుము ఏ దారి పట్టిందో తెలుసుకోవడానికి ఇనుము స్థిర ఐసోటోపులను వాడారు. ఇవి రేడియోధార్మికత లేని, బరువులో మాత్రమే కాస్త తేడా ఉండే ఇనుము పరమాణువులు. శరీరానికి హాని చేయవు, కానీ రక్త పరీక్షలో విడిగా గుర్తుపట్టవచ్చు. 2013లో ప్రచురించిన ఫలితం ఇది: మామూలు భోజనంలో సుమారు 9 శాతం ఇనుము ఒంటికి పట్టగా, జామపండుతో అది రెట్టింపు దాటింది. జింకు శోషణలో మాత్రం మార్పు రాలేదు.

కారణం సి విటమిన్. అది ఇనుమును పేగులు తేలిగ్గా పీల్చుకునే రూపంలోకి మారుస్తుంది, ఫైటేట్ చేతికి చిక్కకుండా చూస్తుంది. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది. ఉసిరిలోనూ అంతకు తక్కువ ఉండదు. నిమ్మలో ఇంత లేకపోయినా అది ఏడాది పొడవునా దొరుకుతుంది. వేడికి సి విటమిన్ నశిస్తుంది కాబట్టి నిమ్మరసాన్ని పప్పు మరుగుతున్నప్పుడు కాకుండా దించాక, వడ్డించే ముందు పిండాలి. పండును భోజనంతో పాటే ఇవ్వాలి. ఇందుకు విరుద్ధంగా భోజనం కాగానే తాగే టీ ఇనుమును అడ్డుకుంటుంది. ఆ అలవాటు ఉన్న పెద్ద పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

గంజితో పాటు పోయేవి

ఈమధ్య సంవత్సరాల్లో బడులకు ఫోర్టిఫైడ్ బియ్యం సరఫరా చేశారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, యంత్రంలో మళ్లీ గింజల ఆకారంలో ఒత్తుతారు. మామూలు బియ్యం 100 పాళ్లకు ఇవి ఒక పాలు కలుపుతారు. ప్రమాణాల ప్రకారం ఇలా కలిపిన కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. అంటే 100 గ్రాముల అన్నపు కొలతతో పిల్లలకు 2.8 నుంచి 4.25 మిల్లీగ్రాములు అందుతుంది.

ఈ గింజలు కాస్త వేరే రంగులో ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని నీళ్లపై తేలుతాయి. వాటిని ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేసిన సందర్భాలు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఏరేస్తే ఆ భోజనానికి కలిపిన పోషకాలన్నీ చెత్తబుట్టలోకి పోయినట్టే. బియ్యాన్ని పదేపదే రుద్ది కడిగినా, ఎక్కువ ఎసరు పోసి గంజి వార్చి పారబోసినా నీటిలో కరిగే విటమిన్లలో కొంత భాగం పోతుంది. కొలత నీళ్లు పోసి అత్తెసరు పెడితే అది మిగులుతుంది. వార్చక తప్పకపోతే ఆ గంజిని పప్పులోనో చారులోనో కలిపేయవచ్చు. కొత్త ఖర్చేమీ లేదు.

ఎవరి చేతుల్లో ఉంది?

ఇన్ని జాగ్రత్తలు చివరికి వంట కార్మికుల చేతుల మీదే ఆధారపడతాయి. వీరిలో ఎక్కువమంది మహిళలు. వీరికి కేంద్ర పథకం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. రాష్ట్రాలు తమ వంతుగా అదనం కలుపుతాయి. బియ్యం ఉచితంగా వస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు దినుసులు, వంటచెరకు లేదా గ్యాస్ కోసం 2025 మే నుంచి ప్రాథమిక పిల్లలకు తలకు 6.78 రూపాయలు, పై తరగతులకు 10.17 రూపాయలు లెక్కకట్టారు. బిల్లులు ఆలస్యమైతే ముందుగా పలచబడేది పప్పు. కట్టెలు తడిసి ఉంటే వంట తెల్లవారుజామునే మొదలవుతుంది, అన్నం ఎక్కువసేపు గుండిగలో ఉంటుంది. భద్రత, పోషణ అనే మాటలు వేతనం, గ్యాస్ సిలిండర్, కుళాయి నీళ్లతో ముడిపడి ఉన్నాయి.

ఇప్పుడున్న వనరులతోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సబ్బు, నీళ్లు వంటగది గుమ్మం దగ్గరే ఉండాలి. చేతికి పుండు, వాంతులు, విరేచనాలు ఉన్నవారికి ఆ రోజు వంట పని నుంచి వేతనం కోత లేని సెలవు ఇవ్వాలి. కోత ఉంటే వారు జబ్బు దాచుకుని వస్తారు. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో చిన్న పరీక్ష కిట్‌తో చూడవచ్చు. గుడ్లను ముందుగానే ఒలిచి బుట్టలో పోయకుండా పెంకుతోనే ఇస్తే ఎక్కువ చేతులు తగలవు. పచ్చి కూరలు తరిగిన కత్తిపీట, పలక వండిన పదార్థాలకు తగలకూడదు.

ఈ శ్రమ వృథా కాదని చూపే ఆధారాలు ఉన్నాయి. కరవు బారిన పడిన ఆంధ్రప్రదేశ్ కుటుంబాల పిల్లల ఎదుగుదల లోటును బడి భోజనం చాలావరకు పూడ్చిందని 2014లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. చిన్నప్పుడు బడి భోజనం అందిన తల్లుల పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు పెరిగే అవకాశం ఎక్కువని 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. ఇవాళ ఆరో తరగతి అమ్మాయి తిన్న పప్పన్నం ఫలితం ఇంకో పదిహేనేళ్ల తర్వాత పుట్టబోయే బిడ్డలో కనిపించవచ్చు.

కాబట్టి బడి గోడ మీద మెనూ పక్కన ఇంకో మూడు గడులు గీయడం మంచిది. అన్నం పొయ్యి దిగిన సమయం, వడ్డించడం మొదలుపెట్టిన సమయం, వడ్డించేటప్పుడు అంచున ఎన్ని డిగ్రీలు ఉంది. రోజుకు మూడు అంకెలు చాలు. వాటిని రాసే పని నాలుగో తరగతి పిల్లలకు అప్పగించినా చేయగలరు. రెండు సమయాల మధ్య తేడా రెండు గంటలు దాటిన రోజున ఎందుకు దాటిందని అడగడం మాత్రం పెద్దల పని.